ఆటలో లోపమా, అమ్మకానికి పెట్టిన ఇబ్బందా?

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో చాలాచోట్ల ల్యాబ్ కంప్యూటర్లలో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే వీలుండదు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉంటుంది. బ్రౌజర్ మాత్రం అందరికీ తెరుచుకుంటుంది. హాస్టల్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో పెద్ద గేమ్ నడవదు, ఫోన్‌లో స్టోరేజ్ ఎప్పుడో నిండిపోయి ఉంటుంది, అప్పుడూ బ్రౌజరే దిక్కు. డౌన్‌లోడ్ లేదు, ముందుగా డబ్బు కట్టాల్సిన పని లేదు, లింకు నొక్కితే ఆట మొదలు. ఇంత సులువుగా మొదలైన ఆటను రెండు వారాలు ఆడాక మాత్రం ఆడేవాళ్ల నోట పొగడ్తలు తగ్గి తిట్లు పెరుగుతాయి. ల్యాగ్ (నొక్కినదానికి ఆట ఆలస్యంగా స్పందించడం) అంటారు, పే టు విన్ (డబ్బు కట్టినవాడిదే గెలుపు) అంటారు, రాత్రికి రాత్రి ఊరంతా దోచుకుపోయారంటారు, ఇన్నాళ్లు ఆడిన ప్రోగ్రెస్ మొత్తం పోయిందంటారు.

ఈ తిట్లన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంటాం, చిక్కంతా అక్కడే ఉంది. ఆట తయారుచేసినవాళ్లు ఊహించలేకపోయిన లోపాలు కొన్ని. అవి నిజంగా డిజైన్ తప్పులు. ఇంకొన్ని బ్రౌజర్ అనే వేదిక వల్ల వచ్చేవి, తయారుచేసినవాళ్ల తప్పు అందులో సగమే. మూడో రకం ఉంది చూడండి, ఆడేవాళ్లు దాన్ని లోపం అంటారు గానీ అది అనుకున్నది అనుకున్నట్టే పనిచేస్తోంది, ఎందుకంటే మనకు విసుగు పుట్టించడమే దాని పని. ఈ మూడో రకాన్ని పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఈ ఇబ్బంది పోవడానికి ఆటలోనే ఎక్కడైనా ధర రాసి ఉందా? ఉంటే దాన్ని బగ్ రిపోర్టుగా రాసి పంపడం దండగ.

ముందుగా మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలే లోపం ఒకటి చూద్దాం. ట్రావియన్, ట్రైబల్ వార్స్, ఓగేమ్ లాంటి ఆటలు జర్మనీలో పుట్టాయి. ఓగేమ్ 2002లో, ట్రైబల్ వార్స్ 2003లో, ట్రావియన్ 2004లో వచ్చాయి. మూడింటిలోనూ పద్ధతి దాదాపు ఒకటే. మీకో ఊరో గ్రహమో ఇస్తారు, అందులో సరుకు దానంతట అదే పోగవుతుంటుంది, పక్కవాడు సైన్యాన్ని పంపి దాన్ని దోచుకుపోవచ్చు. మీరు లాగిన్‌లో ఉన్నా లేకపోయినా ఆట ఆగదు. కాగితం మీద ఇది అందరికీ సమానమైన రూలే. కానీ తిరుపతిలో ఒకడు రాత్రి 11కి ల్యాప్‌టాప్ మూసే సమయానికి జర్మనీలో చలికాలంలో సాయంత్రం ఆరున్నర. అక్కడివాళ్లు ఆఫీసుల నుంచి, కాలేజీల నుంచి ఇళ్లకు చేరి ఆటలో కూర్చునే వేళ అది. మనవాడు నిద్రపోయే ఆరేడు గంటలూ వాళ్లకు మంచి జోరు మీదుండే సమయం. పొద్దున లేచి చూస్తే గోదాములు ఖాళీ. "ఏందిబ్బా ఇది, పడుకుని లేచేలోపల ఊరంతా ఊడ్చుకోని పోయినారు" అనే మాట ఊరికే రాలేదు.

రాత్రి దాడుల సమస్య తయారుచేసినవాళ్లకు తెలియనిదేమీ కాదు. ట్రైబల్ వార్స్‌లో కొన్ని లోకాలకు, అంటే సర్వర్లకు, నైట్ బోనస్ అని పెట్టారు, రాత్రివేళ దాడి జరిగితే కాపలా సైన్యం బలం పెరుగుతుంది. మంచి ఆలోచన. కానీ ఆ రాత్రి ఎవరి రాత్రి? సర్వర్ గడియారం ప్రకారం రాత్రి. యూరప్ సర్వర్లో అర్ధరాత్రి నుంచి ఉదయం 8 దాకా బోనస్ ఉందనుకుంటే, చలికాలంలో అది మనకు తెల్లవారుజామున నాలుగున్నర నుంచి మధ్యాహ్నం పన్నెండున్నర వరకు. అంటే మనం గాఢనిద్రలో ఉన్నప్పుడు కాపలా లేదు, లేచి క్లాసులో కూర్చున్నాక కాపలా ఉంది. పైగా మనం వాళ్ల మీద దాడి చేయడానికి తీరిక దొరికే పొద్దుటిపూటే వాళ్లకు కోట కట్టినట్టు రక్షణ. ఒక రూలు ఒకరికి సాయం చేస్తూ ఇంకొకరికి రెండువైపులా నష్టం చేస్తోందంటే అది స్పష్టంగా డిజైన్ లోపమే. దుర్బుద్ధితో పెట్టింది కూడా కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్లందరిదీ ఒకే టైమ్‌జోన్ అనుకుని రాసిన రూలు. దీనికి మందు ఉంది. ప్రతి ఆటగాడూ తన రాత్రి ఏదో తనే ఒకసారి ఎంచుకునేలా చేసి, దాన్ని మళ్లీ మార్చుకోవాలంటే కొన్ని రోజులు ఆగాలని పెడితే చాలు, దుర్వినియోగం కూడా పెద్దగా ఉండదు. ఫిర్యాదు చేసేవాళ్లు "నైట్ రెయిడ్లు తీసేయండి" అని రాస్తారు, అలా రాస్తే ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే రెయిడ్ తీసేస్తే ఆ ఆటే లేదు. "నా రాత్రి మీ రాత్రి కాదు, బోనస్ గంటలు ఇవీ, నా నిద్ర గంటలు ఇవీ" అని లెక్కతో రాస్తే విషయం ఎదుటివాళ్ల బుర్రకెక్కుతుంది.

ఇక ట్రావియన్‌లో ఇంకో ఫిర్యాదు చూడండి. చుట్టుపక్కల ఊళ్లను దోచడానికి ఒక్కో ఊరికీ విడివిడిగా సైన్యం పంపాలి, మళ్లీ అవే క్లిక్కులు, రోజంతా అదే పని. చేతివేళ్లు నొప్పి పుట్టే ఈ చాకిరీని తగ్గించే ఫార్మ్ లిస్ట్ అనే సదుపాయం ఆటలోనే ఉంది, ఊళ్ల జాబితా చేసుకుని ఒక్క నొక్కుతో అందరి మీదికీ పంపొచ్చు. కానీ అది కావాలంటే గోల్డ్ క్లబ్ అనే సభ్యత్వం తీసుకోవాలి, దానికి గోల్డ్ అనే ఆట నాణేలు డబ్బుతో కొనుక్కోవాలి. ఇక్కడ పైన చెప్పిన ప్రశ్న వేసి చూడండి. ఇబ్బందికి ధర రాసి ఉంది. కాబట్టి ఆ క్లిక్కుల చాకిరీని డిజైనర్ గమనించలేదని అనుకోవడం అమాయకత్వం, గమనించాడు కాబట్టే దానికి రేటు కట్టాడు. నైట్ బోనస్ లోపమూ ఈ క్లిక్కుల బాధా ఒకే రకం ఆటల్లో ఉన్నా వాటి స్వభావం వేరు, ఒకదాన్ని చెప్పి సరిచేయించవచ్చు, రెండోదాన్ని చెప్పినా వినరు, ఎందుకంటే ఆదాయమే అందులో ఉంది.

ఎదురుచూపుల సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. 2009 జూన్‌లో జింగా కంపెనీ ఫేస్‌బుక్‌లో ఫార్మ్‌విల్ తెచ్చింది, 2010కల్లా నెలకు 8 కోట్ల మందికి పైగా ఆడారు. అందులో స్ట్రాబెర్రీ వేస్తే 4 గంటల్లో పండుతుంది, సమయానికి కోయకపోతే వాడిపోతుంది. చిత్తూరు జిల్లాలో టమాటా వేసిన రైతుకు పంట ఎండితే దానికి కారణం ఎండో నీళ్లో తెగులో ఉంటుంది. ఆ ఆటలో మాత్రం పంట ఎండేది మనం ఆ గంటకు వెబ్‌సైట్ తెరవలేదని. ఎదురుచూడటం తప్పు కాదు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లో గంటలు గంటలు కూర్చునేవాళ్లకు ముందు నిజంగానే వేలమంది ఉంటారని తెలుసు, అందుకే ఆ నిరీక్షణను ఎవరూ మోసం అనరు. ఆటలో మనకంటే ముందు ఎవ్వరూ లేరు. సర్వర్ ఖాళీగానే ఉంది, స్ట్రాబెర్రీ బొమ్మ మార్చడానికి కంప్యూటర్‌కు రెప్పపాటు కూడా పట్టదు. ఆ 4 గంటలు ఎవరో కూర్చుని రాసిన అంకె. ఆ అంకె ఎందుకు 4 అయింది, ఎందుకు 40 నిమిషాలు కాలేదు అని అడిగితేనే విశ్లేషణ మొదలవుతుంది. రోజుకు ఎన్నిసార్లు తిరిగి రావాలో ఆ అంకే నిర్ణయిస్తుంది కాబట్టి.

ఈ పద్ధతిని విమర్శించడానికి ఇయాన్ బోగోస్ట్ అనే గేమ్ పరిశోధకుడు వ్యాసాలతో ఆగకుండా 2010లో ఒక ఆటే తయారుచేశాడు. దాని పేరు కౌ క్లికర్. అందులో ఒక ఆవు ఉంటుంది, దాన్ని 6 గంటలకు ఒకసారి నొక్కొచ్చు, అంతే. ఆగలేకపోతే డబ్బు కట్టి ముందే నొక్కొచ్చు. విమర్శగా చేసిన ఆ ఆటనే వేలమంది నిజంగా ఆడారు, దాన్ని ఇంకా మెరుగుపరచమని ఫిర్యాదులు కూడా చేశారు. ఈ సంగతి చాలా బాధపెడుతుంది. ఆటలో ఏమీ లేకపోయినా తిరిగి వచ్చే అలవాటు మనుషుల్లో పాతుకుపోగలదని, ఆ అలవాటును ఆట మీద ఇష్టంగా పొరబడొచ్చని అది చూపించింది.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒక విషయం విడదీసి చెప్పుకోవాలి. ఆన్‌లైన్ గేమ్ అనగానే మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు రమ్మీ గుర్తొస్తుంది, గుండెల్లో రాయి పడుతుంది. పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబర్‌లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆటల మీద చట్టం తెచ్చింది. అది వేరే సంగతి. ఇక్కడ మాట్లాడుకుంటున్నది పందెం లేని మామూలు ఆటల గురించి, అందులో సమయాన్ని, సౌకర్యాన్ని అమ్మే పద్ధతి గురించి. దీనికి ఉపయోగపడేది ఇంకొకటి ఉంది. వినియోగదారులను తప్పుదోవ పట్టించే డార్క్ ప్యాటర్న్స్ మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న మార్గదర్శకాలు ఇచ్చింది, అందులో 13 రకాలు రాశారు. అబద్ధపు తొందర పెట్టడం, మారువేషం వేసిన ప్రకటన, పదే పదే వేధించి అడగడం, కాదంటే సిగ్గుపడేలా మాట్లాడటం, చేరడం సులువు చేసి బయటపడటం కష్టం చేసే చందా ఉచ్చు, ఇవన్నీ అందులో ఉన్నాయి. పంట పండటానికి 4 గంటలు పెట్టడం దీని కిందికి వస్తుందని గట్టిగా చెప్పలేం, అది ఆట నియమం అని వాదించవచ్చు. కానీ "ఈ ఆఫర్ ఇంకో 10 నిమిషాలే" అని ఎర్ర గడియారం తిప్పి, మర్నాడు అదే ఆఫర్ అదే గడియారంతో మళ్లీ చూపిస్తే అది పచ్చి అబద్ధపు తొందర. ఆట మొదలుపెట్టే బటన్‌లాగే కనిపించే ప్రకటన బటన్ ఆట పక్కనే ఉంటే అది మారువేషం వేసిన ప్రకటన. ఇలాంటివి కనిపిస్తే, ముఖ్యంగా డబ్బు కట్టి ఉంటే, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం ఆట తయారుచేసినవాళ్లను బతిమాలడం కన్నా మేలు.

ఇక బ్రౌజర్ వల్ల వచ్చే తంటాలు. వీటిలో ఆడేవాళ్లకు తప్పు ఎవరిదో తెలియక ఆటను అన్యాయంగా తిట్టేవి చాలా ఉన్నాయి. కుకీ క్లికర్ లాంటి ఆటలు 2013 నుంచి బాగా పాకాయి, ట్యాబ్ తెరిచి పెట్టి పక్కకు పోయినా సరుకు పెరుగుతూ ఉంటుంది. ఇలాంటి ఆటల్లో కొన్నిటిని వేరే ట్యాబ్‌లో ల్యాబ్ రికార్డు రాసుకుంటూ వదిలేసి, గంట తర్వాత తిరిగి వస్తే గంటకు రావాల్సినంత రాదు. మోసం అనిపిస్తుంది. జరిగింది ఏమిటంటే, కళ్లముందు లేని ట్యాబ్‌లో ప్రోగ్రామ్ ఊరికే తిరగకుండా బ్రౌజర్లు దాన్ని నెమ్మదింపజేస్తాయి, బ్యాటరీ ఆదా కోసం. సెకనుకు పదిసార్లు లెక్కపెట్టాల్సిన ప్రోగ్రామ్‌ను సెకనుకు ఒక్కసారే లేపుతాయి. 2021 జనవరిలో వచ్చిన క్రోమ్ 88 నుంచి అయితే ట్యాబ్ 5 నిమిషాలకు పైగా మరుగున ఉంటే కొన్ని సందర్భాల్లో నిమిషానికి ఒక్కసారే లేపుతుంది. ఆట రాసినవాళ్లు "ఎన్నిసార్లు లేచాను" అని లెక్కపెడితే తప్పుతుంది, "పోయినసారి లేచినప్పటి నుంచి ఎంత సమయం గడిచింది" అని గడియారం చూసి లెక్కపెడితే తప్పదు. అలా రాస్తే ఇంకో తలనొప్పి వస్తుంది, కంప్యూటర్ గడియారాన్ని రేపటికి జరిపి ఒక రోజు సరుకు కొట్టేసేవాళ్లు తయారవుతారు. దానికి సర్వర్ గడియారాన్ని అడగాలి, అంటే సర్వర్ ఉండాలి, దానికి నెలనెలా అద్దె కట్టాలి. ఉచితంగా ఇచ్చే ఒంటరి ఆటకు అంత హంగు అవసరమా అంటే, పోటీ లేని ఆటలో గడియారం జరుపుకునేవాళ్లను జరుపుకోనివ్వడమే తెలివైన పని.

ప్రోగ్రెస్ పోయే సంగతి దీనికన్నా కడుపుమండేది. అకౌంట్ అడగని చిన్న ఆటల్లో మన ప్రోగ్రెస్ ఎక్కడో సర్వర్‌లో ఉండదు, మన బ్రౌజర్‌లోనే ఓ మూల దాచి ఉంటుంది. హిస్టరీతోపాటు సైట్ డేటా తుడిచేస్తే అదీ పోతుంది. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ పాత స్థితికి వచ్చేలా పెట్టిన ల్యాబ్ కంప్యూటర్లలో అయితే మరుసటి రోజుకే మాయం. ఐఫోన్, మ్యాక్ వాడేవాళ్లకు 2020 మార్చి నుంచి ఇంకో కారణం తోడైంది, సఫారీ బ్రౌజర్ వాడుతున్న రోజుల్లో ఒక సైట్ వైపు 7 రోజులు కన్నెత్తి చూడకపోతే ఆ సైట్ ప్రోగ్రామ్ దాచుకున్న డేటాను చెరిపేస్తుంది. జనాన్ని వెంటాడే ప్రకటనల కంపెనీలను అడ్డుకోవడానికి తెచ్చిన నియమం అది, సెమిస్టర్ పరీక్షలకు పది రోజులు ఆట మానేసిన విద్యార్థికి కూడా దెబ్బ తగిలింది. ఇది తెలిసి కూడా సేవ్‌ను ఒక ఫైల్‌గానో అక్షరాల కోడ్‌గానో బయటికి తీసుకునే బటన్ పెట్టని ఆటను మాత్రం తప్పుపట్టాల్సిందే. కుకీ క్లికర్‌లో ఆ సదుపాయం ఉంది. పెట్టడానికి పెద్ద ఖర్చు లేదు, ఒక రోజు పని.

2018 ఏప్రిల్‌లో క్రోమ్ 66 వచ్చినప్పుడు ఉన్నట్టుండి పాత బ్రౌజర్ గేమ్‌లు చాలావాటికి గొంతు పోయింది. సైట్లు తమంతట తామే శబ్దం చేయకుండా గూగుల్ పెట్టిన నియమం వల్ల, క్లిక్ చేయకముందే సౌండ్ మొదలుపెట్టే పాత ఆటలు మూగబోయాయి. గేమ్ డెవలపర్లు గట్టిగా గోల చేస్తే మే నెలలో ఆటల వరకు వెనక్కి తగ్గారు, మళ్లీ ఆ సంవత్సరం చివర్లో తెచ్చారు. పాత బ్రౌజర్ ఆటలు ఎన్నో ఆధారపడ్డ ఫ్లాష్ అనే ప్లగిన్ కథ అందరికీ తెలిసిందే, 2020 డిసెంబర్ 31తో అడోబ్ దాన్ని ఆపేసింది, ఫార్మ్‌విల్ కూడా అదే రోజు మూతపడింది.

ల్యాగ్ గురించి చెప్పాలంటే కాస్త లెక్క కావాలి. 2016లో వచ్చిన స్లిదర్ ఐఓలో పాము తల ఇంకో పాము ఒంటికి తగిలితే చచ్చినట్టే, ఎంత పెద్ద పామైనా సరే. డిజైన్‌గా చూస్తే ఇది చాలా గొప్ప నియమం, చిన్నవాడికి పెద్దవాణ్ని పడగొట్టే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కానీ తల ఒక్క క్షణం ముందు తిప్పామా, తర్వాత తిప్పామా అన్నదాని మీదే చావుబతుకులు ఆధారపడ్డ ఆటలో సర్వర్ దూరంగా ఉంటే ఆ న్యాయమంతా నీరుగారిపోతుంది. తిరుపతి నుంచి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌కు గాలిదారిలో సుమారు ఏడున్నర వేల కిలోమీటర్లు. ఫైబర్ కేబుల్లో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఎంత గొప్ప ఇంటర్నెట్ ఉన్నా, కేబుల్ తిన్నగా వేసినా కూడా పోయి రావడానికి 75 మిల్లీసెకన్లు తప్పవు, కేబుల్ సముద్రాలు చుట్టి వస్తుంది కాబట్టి అసలు పింగ్ (సంకేతం సర్వర్‌కు పోయి వచ్చే సమయం) దానికన్నా చాలా ఎక్కువ. మన స్క్రీన్ మీద పాము తప్పించుకుంది, సర్వర్ దగ్గర అప్పటికే చచ్చిపోయింది. "నెట్ మార్చుకోండి" అనే సలహా ఇక్కడ పనికిరాదు, బిల్లు పెంచినంత మాత్రాన కాంతి వేగం పెరగదు. పరిష్కారం సర్వర్‌ను దగ్గరికి తేవడమే. అద్దెకు దొరికే పెద్ద డేటా సెంటర్లు దేశంలో లేని రోజుల్లో ఆ మాట అనడం కష్టం, కానీ అమెజాన్ ఒక్కటే చూసుకున్నా ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి సర్వర్లు అద్దెకిస్తోంది. అది కుదరకపోతే కనీసం ఆట మొదలయ్యే ముందు సర్వర్ల పేర్ల పక్కన పింగ్ చూపించి ఎంచుకోనివ్వాలి. పింగ్ దాచిపెట్టి ఆడించడం తప్పు.

ఇంకో తరచు వినిపించే విమర్శ హ్యాకింగ్. బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామ్ ఏదైనా ఆడేవాడి చేతిలోనే ఉంటుంది, డెవలపర్ టూల్స్ తెరిచి స్కోరు మార్చుకోవడం రెండో సంవత్సరం విద్యార్థికి కూడా కష్టం కాదు. మరి ఇది ఎప్పుడూ లోపమేనా? 2021లో పాకిన వర్డిల్ అనే పదం ఊహించే ఆటలో రాబోయే రోజుల జవాబులన్నీ పేజీ కోడ్‌లోనే ఉండేవి, చూడాలనుకున్నవాళ్లు చూడొచ్చు. దానివల్ల ఆట చెడలేదు, ఎందుకంటే అక్కడ ఎవరినీ ఓడించేది లేదు. అదే పని ర్యాంకులున్న, బహుమతులున్న ఆటలో చేస్తే క్షమించరాని నిర్లక్ష్యం, అక్కడ స్కోరును సర్వరే లెక్కకట్టాలి.

ఆడేవాళ్ల విమర్శలో బలం ఎక్కడుంది, బలహీనత ఎక్కడుంది అని చూడటానికి రూన్‌స్కేప్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2001లో బ్రౌజర్‌లో మొదలైన ఈ ఆటలో బయట డబ్బుకు ఆటలోని బంగారం అమ్మే వ్యాపారం పెరిగిపోయింది, బాట్‌లు (మనిషి బదులు ఆడే ప్రోగ్రామ్‌లు), దొంగ క్రెడిట్ కార్డుల బెడద ఎక్కువైంది. దాన్ని ఆపడానికి జాగెక్స్ కంపెనీ 2007 డిసెంబర్, 2008 జనవరిల్లో రెండు పెద్ద మార్పులు చేసింది. ఆటగాళ్లు ఒకరికొకరు ఇష్టమొచ్చినట్టు వస్తువులు ఇచ్చుకోకుండా హద్దులు పెట్టింది, వైల్డర్‌నెస్ అనే ప్రాంతంలో ఒకరినొకరు చంపి దోచుకునే పద్ధతి తీసేసింది. జనం ఆటలోనే గుంపులుగా చేరి నిరసన చేశారు. కంపెనీ చెప్పిన జబ్బు నిజమే, ఇచ్చిన మందే మోతాదు మించింది. స్నేహితుడికి ఉచితంగా ఒక కత్తి ఇవ్వలేని ఆటలో స్నేహానికి చోటెక్కడిది? ఆ ప్రమాదం కోసమే ఆడేవాళ్లకు ప్రమాదం లేకుండా చేస్తే ఇంకేం మిగులుతుంది? మూడేళ్ల తర్వాత ఓటు పెడితే 12 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, 2011 ఫిబ్రవరిలో రెండూ తిరిగి వచ్చాయి. 2012 చివర్లో యుద్ధ పద్ధతి మొత్తం మార్చేసినప్పుడు మళ్లీ గొడవ, 2013లో మళ్లీ ఓటు, పాత రూపాన్ని ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పేరుతో విడిగా తెరిచారు. అందులో కొత్తది ఏది చేర్చాలన్నా ఆటగాళ్ల ఓటు అడిగే పద్ధతి పెట్టారు, మొదట్లో 75 శాతం రావాలనేది నియమం.

విన్న కంపెనీ బాగుపడిందని ఈ కథను అందరూ చెబుతారు, అది నిజమే. కానీ ఓటింగ్‌లో ఒక గుంత ఉంది. ఓటు వేసేది మిగిలినవాళ్లు. విసిగి వెళ్లిపోయినవాళ్లు ఓటెయ్యరు, విమర్శ కూడా రాయరు, చప్పుడు లేకుండా ట్యాబ్ మూసేస్తారు. కొత్తగా వచ్చి మొదటి పది నిమిషాల్లోనే అర్థంకాక వెళ్లిపోయినవాళ్ల మాట ఎక్కడా నమోదు కాదు. అందుకే పాత ఆటగాళ్లు అడిగిందల్లా చేస్తూ పోయిన ఆట వాళ్లకు మాత్రమే అర్థమయ్యే ఆటగా మారే ప్రమాదం ఉంది. ఎక్కడ నొప్పి పుడుతోందో ఆడేవాళ్లే అందరికంటే బాగా చెబుతారు, ఆ విషయంలో వాళ్లను నమ్మొచ్చు. మందు ఏమిటన్న దగ్గర మాత్రం ప్రతివాడూ తన ఊరికి, తన సైన్యానికి లాభం వచ్చేదే సూచిస్తాడు, అది సహజం.

2015లో బ్రెజిల్ కుర్రాడు మాతెయుస్ వలదారెస్ చేసిన అగార్ ఐఓ దీనికి చిన్న రుజువు. పెద్ద కణం చిన్నదాన్ని మింగేసే, అందరూ అందరికీ శత్రువులుగా ఉండాల్సిన ఆట. తన ఒంట్లో ముక్క విసిరి ఇంకొకరికి తినిపించే వీలుంది కాబట్టి ఇద్దరు స్నేహితులు కలిసి ఆడితే ఒంటరివాడు బతకడు. హాస్టల్ గదిలో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరికి అది పండగ, మూడోవాడికి నరకం. "జట్టు కట్టేవాళ్లను బ్యాన్ చేయండి" అని ఒంటరివాళ్లు అడుగుతారు. జట్టు కట్టారని ప్రోగ్రామ్ ఎలా కనిపెడుతుంది? తినిపించడాన్ని బట్టే కదా, మరి ఒంటరిగా ఆడుతూ ఎరగా ముక్క విసిరినవాడు కూడా అదే చేశాడు. నేరస్తుల్ని వెతికే పని పెట్టుకోకుండా, జట్టు కట్టినా పెద్దగా లాభం లేని నియమం రాయడమే దీనికి దారి. స్లిదర్ ఐఓలో తల తగిలితే ఎంతటివాడైనా పోతాడనే నియమం అలాంటిదే.

చివరిగా, ఇక్కడి కుర్రాళ్లే తయారుచేస్తున్న ఆటల గురించి. ప్రాజెక్టు వర్క్ కోసమో సరదాకో తెలుగు పదాల ఆటలు రాసేవాళ్లు పెరుగుతున్నారు, సంతోషం. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే లోపం అక్షరాల లెక్క. చిత్తూరు అంటే మనకు మూడు అక్షరాలు, తిరుపతి అంటే నాలుగు. మామూలుగా పొడవు అడిగితే ప్రోగ్రామ్ చిత్తూరుకు 8 అంటుంది, తిరుపతికి 7 అంటుంది, ఎందుకంటే గుణింతం గుర్తులను, పొల్లును, ఒత్తుగా వచ్చే హల్లును అది విడివిడిగా లెక్కపెడుతుంది. చిన్న పదం పెద్దదైంది, పెద్ద పదం చిన్నదైంది. నాలుగు గడులు పెట్టి తిరుపతి టైప్ చేయమంటే ఇకారం ఒక గడిలో ఒంటరిగా కూర్చుంటుంది. ఆధునిక బ్రౌజర్లలో అక్షరాలను సరిగ్గా విడగొట్టే సెగ్మెంటర్ అనే పనిముట్టు ఉంది, అయితే ఒత్తక్షరాన్ని విడగొట్టకుండా ఒకటిగా చూసే నియమం, కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకు ప్రమాణమైన యూనికోడ్‌లోకి వచ్చింది 2023లో, 15.1 వెర్షన్‌తో. అంతకు ముందు బ్రౌజర్లు కొన్నింటిలో త్తూ అనేది పొల్లుతో ఉన్న త్, దాని పక్కన తూ అని రెండు ముక్కలు కావచ్చు. ల్యాబుల్లో పాత బ్రౌజర్లే ఉంటాయి కాబట్టి పనిముట్టు మీద మాత్రమే ఆధారపడకుండా పొల్లు తర్వాత వచ్చే హల్లును ముందుదానితో కలిపే నాలుగు లైన్ల కోడ్ సొంతంగా రాసుకోవడం మంచిది.

ఆడేవాళ్లు ఇలాంటి ఆట మీద "తెలుగు సరిగా లేదు" అని ఒక్క ముక్క రాసి పోతే తయారుచేసిన పిల్లవాడికి ఏం సరిచేయాలో తెలియదు. ఏ పదం కొట్టారు, ఎన్ని గడులు నిండాయి, ఏ ఫోన్, ఏ బ్రౌజర్, ఏ వెర్షన్ అన్నవి రాసి ఒక స్క్రీన్‌షాట్ పెడితే ఆ సాయంత్రమే సరిచేసి మళ్లీ పెట్టగలడు.